రెండు యుద్ధాల టోపీ: నల్లగొండ నుంచి ఒక కేస్

పోయినేడు వానలు మొదలైన వారానికి, నల్లగొండలో టీచర్‌గా పనిచేసే ఒకామె మా ఇంటికి వచ్చింది. చేతిలో పాత లుంగీలో మూటగట్టిన టోపీ. కూర్చోకముందే అడిగింది: "అన్నా, ఇది మా తాతదేనా, కాదా? అదొక్కటి చెప్పు చాలు."

ఆమె టెన్షన్‌కు కారణం ఉంది. వాళ్ల తాత డాక్టరు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి బర్మా వైపు పనిచేసి వచ్చాడు. ఆ టోపీ ఆయనదని ఇంట్లో అందరూ చిన్నప్పటి నుంచి వింటున్నారు. కానీ పాత వస్తువులు కొనే ఒకతను దాన్ని చూసి, "టోపీ పాతదే గానీ బ్యాడ్జీ తప్పు. ఇది మీ తాతది కాదు, ఎవరో మీకు అంటగట్టిన్రు" అన్నాడట. 3,500 ఇస్తానన్నాడు. పనిలో పనిగా ఇంకో మాట కూడా చెప్పాడు. తన దగ్గర కిరీటం ఉన్న పాత బ్యాడ్జీ ఒకటుందట, అది తగిలిస్తే ఇదే టోపీ 12,000కు తక్కువ పోదట.

యుద్ధకాలపు అధికారుల టోపీలు సేకరించడం మొదలుపెట్టి నాకు ఇరవై ఏళ్లు దాటింది. ఈ ఒక్క కేసును ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, "బ్యాడ్జీ తప్పు" అన్న మాట విని మన జిల్లాల్లో ఎంతోమంది మంచి టోపీలను అడ్డికి పావుశేరుకు అమ్ముకుంటున్నారు. టోపీ మొత్తంలో అన్నిటికన్నా తేలిగ్గా మారిపోయేది బ్యాడ్జీ. దాన్ని ఆఖరున చూడాలి. ముందు చూడాల్సింది లోపల నుదురుకు తగిలే తోలు పట్టీని.

మన దగ్గర ఖాకీ టోపీ ఏది బయటపడినా రెండే కథలు చెబుతారు. రజాకార్లది, లేదంటే యూనియన్ మిలిట్రీది. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ఒక దళం విజయవాడ రోడ్డున కోదాడ, సూర్యాపేట మీదుగా వచ్చింది కాబట్టి ఆ దారి వెంట ఊళ్లలో ఆ జ్ఞాపకం ఇప్పటికీ గట్టిగా ఉంది. నిజంగా దొరికేవి మాత్రం ఇంకా రకరకాలు. సికింద్రాబాద్ కంటోన్మెంటులో కొలువు చేసినవాళ్ల పీక్ క్యాప్‌లు (నుదుటి మీదికి పొడుచుకొచ్చే చూరు, అదే పీక్, ఉన్న టోపీలు), నిజాం కొలువులో ఉన్నవాళ్ల కుచ్చు వేలాడే రూమీ టోపీలు, గడీల్లో దొరలు వేటకు పెట్టుకున్న బెండు టోపీలు. నిజాం రాజ్యపు దళమైన మొదటి హైదరాబాద్ ఇన్‌ఫెంట్రీ 1941 డిసెంబరులో మలయాలో (ఇవాళ్టి మలేషియాలో భాగం), కోటా భారు విమానాశ్రయానికి కాపలాగా ఉంది. జపాన్ సైన్యం అక్కడ తీరానికి దిగేటప్పటికి పెర్ల్ హార్బర్ మీద దాడి ఇంకా మొదలే కాలేదు. పాలమూరులో, నల్లగొండలో ఏ అటక మీదనో ఆ కాలపు వస్తువు దొరికితే నేనేమీ ఆశ్చర్యపోను.

అధికారి టోపీని సిపాయి టోపీని వేరుచేసి చూడటం కష్టం కాదు. సిపాయికి టోపీ సర్కారు ఇచ్చేది, కాబట్టి లోపల సర్కారు ఆస్తి అని తెలిపే బాణం గుర్తు ఉంటుంది. అధికారి తన టోపీ తానే డబ్బు పెట్టి కొనుక్కునేవాడు. దాని లోపల బాణం బదులు దుకాణం ముద్ర ఉంటుంది. బట్ట బరాథియా అనే సన్ననేత ఉన్ని. బ్యాడ్జీ సిపాయికి ఇత్తడిదైతే అధికారి ఖాకీ టోపీకి గోధుమరంగు కంచుది. అది మాసిన ఇత్తడి అనుకుని తోమితోమి ఆ రంగు మొత్తం పోగొట్టిన బ్యాడ్జీలు నా దగ్గరికి చాలా వచ్చాయి. చూసినప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది.

టీచరమ్మ తెచ్చింది పీక్ క్యాప్. ఖాకీ బరాథియా, అదే బట్ట చుట్టిన పీక్, పీక్ మీద సన్నని తోలు పట్టీ, పట్టీకి రెండు పక్కల రెండు చిన్న గుండీలు. బ్యాడ్జీ మీద పాము చుట్టుకున్న కర్ర, దాని చుట్టూ ఆకుల దండ. ఆర్మీ మెడికల్ కోర్ గుర్తు అది. పైన మూడు సింహాలు.

చిక్కంతా ఆ సింహాలతోనే. తాత చేరింది 1943లో. ఆ ఏడాది ఏప్రిల్ 3న, అప్పటిదాకా విడివిడిగా ఉన్న సైనిక వైద్య విభాగాలను కలిపి ఇండియన్ ఆర్మీ మెడికల్ కోర్ ఏర్పాటు చేశారు. 1946లో ఆయన సైన్యం వదిలేసి దేవరకొండలో ప్రాక్టీసు పెట్టుకున్నాడు. ఆయన విడుదల కాగితం ఇంట్లో భద్రంగా ఉంది. బ్యాడ్జీల మీద బ్రిటిష్ కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చింది మనం గణతంత్రం అయ్యాక, అంటే 1950 జనవరి 26 తర్వాత. కాబట్టి తాత ఈ బ్యాడ్జీ పెట్టుకునే వీలే లేదు. కొనేవాడు చెప్పింది ఇంతవరకు నిజమే. కానీ అతను అక్కడే ఆగిపోయాడు.

లోపలి తోలు పట్టీ

ముందు ఏదీ తుడవలేదు. ఏ టోపీ వచ్చినా మొదటిరోజు నేను చేసే పని ఫొటోలు తీయడమే. పైనుంచి, కిందనుంచి, లోపల, ప్రతి మచ్చకూ ఒకటి. తుడిచాక మచ్చ మళ్లీ రాదు కదా.

స్వెట్‌బ్యాండ్, అంటే నుదురుకు తగిలే ఆ లోపలి పట్టీ, తోలు ఎండి ఎర్రపొడి రాలుతోంది. బంగారు ముద్రలో చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాలే మిగిలాయి: ఏ, బీ, ఏ, డీ. సికింద్రాబాద్ అయి ఉండొచ్చు, హైదరాబాద్ అయి ఉండొచ్చు, అలహాబాద్ కూడా కావచ్చు. రికార్డు కార్డులో ఆ నాలుగక్షరాలే రాశాను. సైజు 7¼, అంటే సుమారు 59 సెంటీమీటర్ల తల.

తర్వాత గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చ్ వేశాను. బట్టలకు, దారాలకు తెల్లదనం కోసం కలిపే రసాయనాలు విరివిగా వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. అవి ఉన్న దారం యూవీ కింద నీలంగా వెలుగుతుంది. 1940ల నాటి నూలు, ఉన్ని మసగ్గా ఉండిపోతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అవే రసాయనాలున్న వాషింగ్ పౌడర్‌తో ఎప్పుడో ఉతికినా పాత బట్ట వెలుగుతుంది. టోపీ అంతా వెలిగితే దాన్నిబట్టి ఏమీ తేల్చకూడదు. చోటుచోటుగా వెలిగితేనే అది పనికొచ్చే ఆధారం.

ఈ టోపీలో అసలు కుట్లు ఒక్కటీ వెలగలేదు. వెలిగినవి మూడుచోట్ల: పక్క గుండీల మొదళ్లలో, బ్యాడ్జీ వెనక రఫ్ఫు చేసిన చోట, స్వెట్‌బ్యాండ్ పొడవునా ఆరు పెద్ద పెద్ద కుట్లు. ఆ ఆరు కుట్లూ దర్జీ వేసినవి కావు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఇంట్లో ఎవరో గబగబా వేసినవి.

బ్యాడ్జీ తీసి టార్చ్‌ను పక్కవాటుగా పట్టుకుంటే రెండో సంగతి తెలిసింది. బట్ట మీద పాత బ్యాడ్జీ నీడ ఉంది. ఏళ్ల తరబడి ఎండ తగలక అంతమేర ఖాకీ ముదురుగా నిలిచిపోయింది. ఆ నీడ పైభాగం గుండ్రం. సింహాల పీఠం అడుగున నలుచదరంగా ఉంటుంది, కిరీటం నెత్తి గుండ్రంగా ఉంటుంది. నీడ లోపల రెండు సన్నని చీలికలు. కంచు బ్యాడ్జీ వెనక ఉండే రేకులను దూర్చి లోపల మడిచిన గుర్తులు అవి. ఆ చీలికలను లోపలి నుంచి రఫ్ఫు చేసి, కొత్త బ్యాడ్జీకి కింద వేరే కంతలు పెట్టారు. రఫ్ఫు చేసిన దారమే యూవీలో వెలిగింది.

అమ్మేవాడు ఎవడూ పాత కంతలకు ఇంత ఓపికగా రఫ్ఫు చేయడు. బ్యాడ్జీ కింద ఎలాగూ కనపడవు. టోపీని మళ్లీ తలకు పెట్టుకోబోయేవాడే ఆ పని చేస్తాడు.

ఇక ఆ ఆరు కుట్లు. పట్టీని కొంచెం తిప్పి చూస్తే వెనక మడతలు పెట్టిన కాగితం. ఇక్కడ నా పాత తప్పు ఒకటి చెప్పాలి. 2007లో వనపర్తిలో పాత సామాన్ల కొట్లో ఒక బెండు టోపీ కొన్నాను. దాని పట్టీ వెనక కూడా ఇలాగే కాగితం ఉంది. చెమట కంపు కొడుతోందని లాగి చెత్తబుట్టలో వేశాను. విప్పి కూడా చూడలేదు. ఆ టోపీ ఎవరిదో ఇవాళ్టికీ నాకు తెలియదు, ఇక తెలిసే దారి కూడా లేదు. అప్పటి నుంచి టోపీలో దొరికిన అగ్గిపుల్లను కూడా పారేయను.

ఈసారి కుట్లు తెంపలేదు. కాగితాన్ని ఒక పక్కకు మెల్లగా జరిపితే కుట్ల మధ్యలోంచే వచ్చేసింది. తెలుగు పత్రిక ముక్క, నాలుగు మడతలు, చెమటకు టీ రంగుకు తిరిగింది. పత్రిక పేరు లేదు, తేదీ లేదు. అంచున సగం కోసుకుపోయిన మాట ఒకటి: "బొమ్డిలా". దాని పక్క కాలమ్‌లో "రక్షణ నిధికి", దాని కింది వరుసలో "తులాల బంగారం".

ఈశాన్య సరిహద్దు వైపు ఊరైన బొమ్డిలా చైనా చేతికి చిక్కింది 1962 నవంబరులో. దేశమంతా ఆడవాళ్లు ఒంటి మీది బంగారం తీసి రక్షణ నిధికి ఇచ్చిన రోజులవి. కాగితాన్ని ఆ వారమే మడిచి పెట్టారని దీన్నిబట్టి చెప్పలేం. ఇంట్లో పడి ఉన్న పాత పేపరును మూడేళ్ల తర్వాత కూడా చింపి పెట్టొచ్చు. కానీ 1962 నవంబరుకు ముందు మాత్రం పెట్టి ఉండరు. అప్పటికి తాత సైన్యం వదిలి పదహారేళ్లు. పైగా కాగితం పెట్టాల్సి వచ్చిందంటే, పెట్టుకున్న మనిషి తల తాత తలకన్నా చిన్నది.

టీచరమ్మకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడిగాను. "చైనా యుద్ధం తర్వాత మీ ఇంట్ల సైన్యంల ఎవరన్న పనిచేసిన్రా అమ్మా?"

చాలాసేపు మాట లేదు. "మా పెద్దనాయిన," అంది.

దేవరకొండ

పెద్దనాయిన కూడా డాక్టరే. చైనా యుద్ధం వచ్చాక సైన్యానికి డాక్టర్లు కావాలంటే వెళ్లాడు, కొన్నేళ్లకు తిరిగొచ్చి సర్కారు దవాఖానాలో చేరాడు. పెళ్లి చేసుకోలేదు. సైన్యం ముచ్చట ఇంట్లో ఎత్తేవాడు కాదు. ఆయన పోయాక ఆయన పెట్టె, తాత పెట్టె ఒకే గదిలోకి చేరాయి. చూస్తూ చూస్తూ సామానంతా తాతదైపోయింది. ఆ సామానులో సైన్య సేవా పతకం ఒకటి దొరికింది, రిబ్బన్ మీద "నేఫా" అని చిన్న పట్టీ. అది కూడా తాత బర్మా పతకమే అనుకుంటున్నారు ఇంట్లో. నేఫా అంటే ఇవాళ్టి అరుణాచల్ ప్రదేశ్. ఆ పతకం స్వాతంత్ర్యం వచ్చాక పెట్టింది.

ఆమె మేనత్త దేవరకొండలోనే ఉంటుంది, ఎనభై దాటిన మనిషి. ఇద్దరం వెళ్లాం. కాగితం సంగతి నేను ముందు చెప్పలేదు. చెబితే జ్ఞాపకం మన మాట వైపు ఒరుగుతుంది. టోపీ చేతికిచ్చి, "ఇది ఎవరిది అమ్మమ్మా?" అని మాత్రం అడిగాను.

తిప్పి చూసింది. లోపలి పట్టీ మీద వేలు పెట్టి, ఆ ఆరు కుట్లను తడిమింది. "గీ కుట్లు నేనే ఏసిన," అంది. "అన్నకు తలకాయ చిన్నది. నాయిన టోపీ కండ్ల మీదికి జారుతుండె. పేపరు మడతవెట్టి కుట్టిన. పాకిస్తాన్ యుద్ధమప్పుడు."

"చైనా యుద్ధం కాదా?"

"పాకిస్తానే. యాదికున్నది నాకు."

పేపరు 1962 నాటిది, ఆమె చెప్పేది 1965. రెండింట్లో ఏది తీసేయాలన్న ప్రశ్నే నాకు రాలేదు, ఎందుకంటే రెండూ కలిసే ఉండొచ్చు. కార్డులో రెండూ రాశాను. కాగితాన్నిబట్టి 1962 నవంబరు తర్వాత, కుట్టిన మనిషి మాట ప్రకారం 1965. టీచరమ్మ అత్త పక్కన కూర్చుని టోపీని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. పెద్దనాయిన తనను సైకిల్ మీద బడికి దించేవాడని, ఆయన గుర్తుగా ఇంట్లో ఎవరూ ఏమీ దాచిపెట్టుకోలేదని అన్నది. నేను బయటికొచ్చి కాసేపు అరుగు మీద కూర్చున్నాను.

చేసిన పని, చేయని పని

టోపీని పాడుచేసిందంతా ప్రేమతో చేసిన పనులే. టీచరమ్మ నాయిన ఏటా తోలు పట్టీకి కొబ్బరినూనె రాసేవాడు. నూనె ముక్కిపోయి దుమ్ము పట్టి జిగటైంది, గుండీల దగ్గర లోహంతో కలిసి పచ్చని మైనంలా పేరుకుంది. టోపీలో కలరా ఉండలు నేరుగా పోసి పెట్టారు. అయినా వెనక వైపు ఉన్ని కొట్టే పురుగు చేరి అయిదు చోట్ల తిన్నది. ఉంచింది స్లాబు కింద అటక మీద, ఇనుప ట్రంకులో. నల్లగొండ ఎండల్లో ఆ ట్రంకు పొయ్యి మీది పెనమే.

ముందు పురుగు సంగతి చూశాను. టోపీని ఉతికిన మల్లు గుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్లో పెట్టి, గాలి తీసి టేపు వేసి, తెలిసినవాళ్ల ఐస్‌క్రీమ్ షాపు డీప్ ఫ్రీజర్లో రెండు వారాలు పెట్టాను. మైనస్ 18 డిగ్రీలకన్నా వేడెక్కకుండా చూసుకోవడానికి లోపల థర్మామీటర్ ఉంచాను. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పకూడదు. వెంటనే విప్పితే గాలిలో తేమ నీళ్లై బట్టకు పడుతుంది. తర్వాత మెత్తని బ్రష్‌తో దులిపి, మూతికి నెట్ గుడ్డ కట్టిన వాక్యూమ్‌తో పురుగు గుడ్లు, పొట్టు తీశాను.

తోలుకు ఇంకే నూనే రాయలేదు. జిగటను బ్లాటింగ్ కాగితంతో మూడు రోజులు అద్ది తీశాను. ఎర్రపొడి రాలే చోట క్లూసెల్-జి అనే పొడిని ఆల్కహాల్‌లో పలచగా కలిపి సన్నని బ్రష్‌తో పట్టించాను. అది పొడిబారిన తోలును కట్టి ఉంచుతుంది, మెరుపు రాదు. మెరిసే తోలు కావాలనేవాళ్లకు ఈ పద్ధతి నచ్చదు. నాకు మాత్రం ఆ నాలుగక్షరాల ముద్ర చెరగకుండా ఉండటం ముఖ్యం. గుండీల దగ్గరి పచ్చమైనాన్ని వెదురు టూత్‌పిక్‌తో గీకి తీశాను. పురుగు తిన్న కంతలకు రఫ్ఫు చేయలేదు, లోపల సన్నని ఖాకీ నెట్ ఆనించి వదిలేశాను. ఆ ఆరు కుట్లను ముట్టుకోలేదు. పత్రిక ముక్కను మళ్లీ పట్టీ వెనక పెట్టలేదు. పాత పత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుంది, అది తోలును తింటుంది. ఆమ్లం లేని కాగితపు కవర్లో విడిగా పెట్టి, టోపీ నంబరే దానికీ వేశాను.

లైనింగ్ లోపల ఎండిన జమ్మి ఆకులు రెండు దొరికాయి. దసరా నాడు ఆయుధ పూజలో ఈ టోపీని కూడా పెట్టేవాళ్లట. తాత స్టెతస్కోప్, టోపీ, ఇంట్లో కత్తిపీట అన్నీ ఒక పీట మీదే. "బంగారం" అని జమ్మి ఆకు టోపీలో వేసేవాళ్లు. పీక్ మీద గోరంత కుంకుమ బొట్టు కూడా ఉంది. సేకరించేవాళ్లలో చాలామంది ఆ మరకను తీసేయమంటారు, మరక ఉంటే ధర పడిపోతుంది. నేను తీయలేదు. ఇన్నేళ్లూ ఈ టోపీ ఏం చేసిందంటే, ఎక్కువ కాలం చేసింది ఆ పీట మీద కూర్చోవడమే.

బ్యాడ్జీ విషయంలో కూడా నా మాట ఒకటే. కిరీటం బ్యాడ్జీ తగిలిస్తే టోపీ ఎక్కువ ధర పలుకుతుందన్నది నిజం. కానీ అప్పుడు అది పెద్దనాయినను చెరిపేసిన టోపీ అవుతుంది. సింహాల బ్యాడ్జీని ఉన్న కంతల్లోనే మళ్లీ పెట్టాను. దాని కింద ఉన్న నీడను ఫొటో తీసి కార్డుకు జతచేశాను.

ఇక్కడే ఇంకో సంగతి. 1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువులకు వర్తిస్తుంది, వాటిని ప్రైవేటు మనుషులు దేశం దాటించడం నేరం. మొదటి ప్రపంచ యుద్ధపు టోపీలన్నీ ఇప్పటికే ఆ గీత దాటాయి. విదేశాల్లో ఎక్కువ వస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మి చిక్కుల్లో పడొద్దు.

ఇప్పుడు టోపీ కింది అంతస్తులో, ఎండ తగలని లోగోడ పక్క బీరువా అడుగు అరలో ఉంది. మల్లు గుడ్డతో చేసిన మెత్త మీద నిలబెట్టాం, పీక్ మీద బరువు పడదు. కార్డు మీద రెండు పేర్లు, రెండు ఏళ్ల వరుసలు, మేనత్త చెప్పిన మాట ఆమె మాటల్లోనే ఉన్నాయి. ఆమె సంతకం కూడా ఉంది.

దసరాకు ముందు టీచరమ్మ ఫోన్ చేసింది. "అన్నా, ఈసారి పూజల పెట్టొచ్చా?"

పెట్టమన్నాను. మెత్తతో సహా తీసుకెళ్లి ఇత్తడి పళ్లెంలో పెట్టమని, పసుపు కుంకుమ పళ్లెం అంచుకు పెట్టమని, దీపం ఒక మూర దూరంలో ఉంచమని చెప్పాను. జమ్మి ఆకు లోపల వేయొద్దు, పక్కన పెట్టండి అన్నాను. పండుగ మర్నాడు ఫొటో పంపింది. పళ్లెంలో టోపీ, దాని ముందు రెండు వేర్వేరు కుప్పలుగా జమ్మి ఆకు.